దారం కట్టిన పిలక

నా సవతి ఒక అరటిచెట్టు. పెళ్లైన కొత్తలో ఈ మాట నేనే నవ్వుతూ చెప్పేదాన్ని. గుడివాడ నుంచి స్నేహితురాళ్లు ఎవరైనా మా లంకకు వస్తే, కరకట్ట దించి తోటలోకి తీసుకెళ్లి, మెడలో పసుపుదారంతో నిలబడ్డ చెట్టును చూపించి, "మా ఆయన పెద్దభార్య" అని పరిచయం చేసేదాన్ని. వాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆ హాస్యం మానేసి చాలా కాలమైంది. ఎందుకు మానేశానో చెప్పాలంటే మా నాన్న మండీ దగ్గర మొదలుపెట్టాలి.

గుడివాడలో మా నాన్నది అరటిపళ్ల మండీ. దివిసీమ లంకల నుంచి పచ్చి గెలలు లారీల్లో వచ్చి మా గుమ్మంలో దిగేవి. అందుకని చిన్నప్పుడు నాకు అరటి అంటే గెల. దాని వెనక ఒక చెట్టు ఉంటుందన్న ధ్యాసే ఉండేది కాదు. మండీ వెనకాల కిటికీల్లేని గది ఒకటి. గెలలన్నీ అందులో నిలబెట్టి, మధ్యలో కుండ పెట్టి, పిడకలూ గడ్డీ వేసి పొగ రాజేసి, తలుపు మూసి సందులకు మట్టి మెత్తేవాళ్లు. కాయలు మాగేదాకా ఆ తలుపు తీయకూడదు. తీసే రోజున మా నాన్న ముందుగా పొడుగాటి కర్రకు లాంతరు తగిలించి లోపలికి చాపేవాడు. లాంతరు వెలుగుతూ ఉంటే మనుషులు వెళ్లేవాళ్లు. దీపం కొండెక్కితే తలుపు బార్లా తీసిపెట్టి అందరం దూరంగా కూర్చునేవాళ్లం.

"కాయలు కూడా ఊపిరి పీలుస్తాయే. మూసిపెడితే మనకేం మిగల్చవు," అనేవాడు.

తలుపు మూసి ఉన్న రోజుల్లో, ఎవరూ చూడకుండా వెళ్లి దానిమీద అరచెయ్యి ఆనించేదాన్ని. జ్వరం వచ్చిన ఒంటిలా వెచ్చగా ఉండేది. చెవి పెడితే లోపల ఏదో సర్దుకుంటున్న చప్పుడు. ఒక గెల ఇంకో గెల మీదికి ఒరిగి ఉంటుందని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం లోపల చాలామంది చీకట్లో నిలబడి, తలుపు ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూస్తున్నారనిపించేది. భయమేసేది. మర్నాడు మళ్లీ వెళ్లేదాన్ని.

మా మండీకి గెలలు పంపే ఒక రైతు కొడుకుతోనే నాకు సంబంధం కుదిరింది. జాతకంలో కుజదోషం ఉందనీ, అందుకు అరటిచెట్టుతో ముందే పెళ్లి జరిపించేశారనీ పెళ్లిచూపుల్లోనే చెప్పారు. డిగ్రీ చదివినదాన్ని, ఇలాంటివి లెక్కచేసేదాన్ని కాదు. పెళ్లికొడుకు బాగున్నాడు, అంతే నేను చూసుకున్నది.

ఆ మొదటి పెళ్లి కథ పూర్తిగా తెలిసింది కాపరానికి వచ్చాకే. తోటలో పనికొచ్చే ఆడవాళ్లు చెప్పుకుని చెప్పుకుని నవ్వేవాళ్లు. నిగనిగలాడే చెట్టునొకదాన్ని ఎంచుకోమని పంతులుగారు అన్నారట. మా ఆయన ఎంచుకున్నారు. చెట్టుకు కొత్త రవికగుడ్డ చుట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పసుపుకొమ్ము కట్టిన దారంతో మూడు ముళ్లు వేయించారు. తరవాత ఆ చెట్టును నరికేయాలి. అప్పుడు మొదటి భార్య పోయినట్టు లెక్క. పెళ్లికొడుకు తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టలతో ఇంటికి రావాలి. కత్తి ఎత్తే వేళకు మా మావగారు చెట్టు మెడకేసి చూశారు. మెడ ఉబ్బి ఉంది. ఇవాళో రేపో గెల బయటికొస్తుంది.

"ఆగండాగండి! కడుపుతో ఉన్నదాన్ని కొడతామా?" అని చెయ్యి అడ్డం పెట్టారట.

అరటి రైతు ఎవడైనా అంతే. గాలివానకు తోట పడిపోతే ఏడ్చి ఊరుకుంటాడు కానీ, గెల వేయబోతున్న చెట్టు మీద తన చేత్తో కత్తి వేయలేడు. మా మావగారు ఒక్క ఆకు మాత్రం కోయించి, ఇదే నరికినట్టు అనుకోమని పంతులుగారికి నచ్చజెప్పారు. ఆయన సంభావన పుచ్చుకుని వెళ్లిపోయారు. పెళ్లినాటికే నెలలు నిండిన పెళ్లికూతురని ఊరి ఆడవాళ్లు ఇప్పటికీ వేళాకోళం చేస్తారు.

నవ్వనిది మా అత్తగారొక్కరే. నేను కాపరానికి వచ్చిన రోజున, కాళ్లు కడుక్కోగానే, ఇంట్లోకి కూడా రానివ్వకుండా తోటలోకి తీసుకెళ్లారు. కుంకుమ భరిణ నా చేతికిచ్చారు.

"అక్కకి బొట్టు పెట్టమ్మాయ్," అన్నారు.

నాకు నవ్వాగలేదు. ఆవిడ నేను నవ్వడం అయ్యేదాకా ఆగారు.

"కుజదోషం ఉన్నవాడికి మొదటి పెళ్లాం నిలవదు. దీన్ని కొట్టేసుంటే ఆ గండం ఒక్కసారితో తీరిపోయేది. మీ మావయ్య కొట్టనివ్వలేదు. అందుకని ఆ గండం ఇంకా మొదటి పెళ్లాన్ని వెతుక్కుంటూనే ఉంటుంది. దారం కనపడితే ఇక్కడే ఆగుతుంది. కనపడకపోతే గట్టెక్కి మనింటికొస్తుంది. ఇంట్లో ఉండేది నువ్వేగా."

మిట్టమధ్యాహ్నం. తోటలో ఎక్కడా గాలి లేదు. ఏ ఆకూ కదలడం లేదు, ఆ చెట్టు మొవ్వు ఆకు తప్ప. గొట్టంలా చుట్టుకున్న ఆ లేత ఆకు ఒక్కటే ఇటూ అటూ మెల్లగా ఊగుతోంది. అరటితోటల్లో అలా అప్పుడప్పుడు జరుగుతుంటుందని తరవాత చాలామంది చెప్పారు. కానీ మొదటిసారి చూసింది ఆ రోజు, ఆ మాటలు వింటూ. బొట్టు పెట్టి గబగబా వచ్చేశాను.

అరటి ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోశాక బోదె నరికేస్తాం, పక్కనుంచి వచ్చిన పిలక దాని చోట ఎదుగుతుంది. మా అత్తగారు ఏ ఏటికాయేడు, గెల కోసే ముందు తోటకు వెళ్లి, తల్లి మెడలో దారం విప్పి, కొత్త దారం పిలకకు కట్టేవారు. ఆ తరవాతే కత్తి పడేది. ఒక్క పూట కూడా ఖాళీ ఉండకూడదు. అలా ఆ పెళ్లికూతురు ఏటా చచ్చిపోయేది, ఏటా కొత్తగా ఉండేది. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, నడుం మందమైంది, చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది, మోకాళ్లు పట్టేశాయి. అది మాత్రం ఎప్పుడూ పడుచే. మా ఆయన తోటలోంచి ఆలస్యంగా వస్తే, "ఏం, ఆవిడ వదల్లేదా?" అని దెప్పేదాన్ని. మొదట్లో హాస్యానికే. తరవాత్తరవాత ఆ మాటలో హాస్యం ఎంతో, కడుపుమంట ఎంతో నాకే తెలిసేది కాదు. చెట్టైనా సవతి సవతే. చీర మీద దాని పసరు పడితే మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. ఎండిన నెత్తురు రంగు మరకలతో నా చీరలు ఇంకా ఉన్నాయి.

అత్తగారు మంచం పట్టిన రోజుల్లో నన్ను పిలిచారు. మా ఆయన ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నారు.

"నేను పోయాక దారం నువ్వు మార్చాలి," అన్నారు.

"అట్లాగే లెండి," అన్నాను కానీ మార్చదలుచుకోలేదు. నా సవతికి నేనే ఏటా తాళి కట్టాలా? ఈ చోద్యం మీతోనే ఆఖరు అని మనసులో అనుకున్నాను. ఆవిడ పోయిన ఏడు గెల కోత ముందు నేను తోటవైపు వెళ్లనే లేదు.

కోత అయ్యాక ఆకులు కోసుకురావడానికి వెళ్తే, నరికిన బోదె పక్కన, నా భుజం ఎత్తున్న పిలకకు కొత్త పసుపుదారం ఉంది. మూడు ముళ్లు. పసుపు ఇంకా తడిగా ఉంది. నా వేలికి అంటుకుంది.

పనివాళ్లలో పెద్దావిణ్ని అడిగాను. "అమ్మో, నేను ముట్టుకుంటానా అమ్మగారూ!" అని చెంపలేసుకుంది. ఆయన్ని అడిగాను, మీరు కట్టారా అని. "నాకేం పనిలేదనుకున్నావా?" అని కండువా దులుపుకుని వెళ్లిపోయారు. మరుసటి ఏడూ అంతే. ఆ పై ఏడూ అంతే. నేను కట్టను, దారం మాత్రం ఎప్పుడూ కొత్తగా ఉంటుంది. అప్పటినుంచి స్నేహితురాళ్లకు ఆ చెట్టును చూపించడం మానేశాను. అటువైపు ఒంటరిగా వెళ్లడమూ మానేశాను.

ఈలోపల అరటి వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా పెరిగింది. పెరుగుతున్న కొద్దీ మాకు దిగులూ పెరిగింది. మాది అమృతపాణి. ఆ రుచి ఇంకో అరటికి రాదు, కానీ పండితే కాయలు గెల నుంచి వాటంతటవే రాలిపోతాయి. పక్క ఊరి సంతకు బాగుంటుంది గానీ దూరాభారం లారీల్లో నిలవదు. బజారులో పెద్ద పెద్ద దుకాణాలు పొడుగ్గా, ఒకే కొలతలో, మచ్చ లేకుండా ఉండే కాయలు అడగసాగాయి. అట్టపెట్టెల్లో సర్ది ఓడలెక్కించే కాయలవి. మా నాన్న పొగ గదికి కాలం చెల్లింది, మండీ మూసేశారు. తుఫానొస్తే ఒక్క పూటలో తోట దువ్వినట్టు ఒకే వైపుకు పడుకునేది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కాలవల్లోకి ఉప్పునీరు ఎక్కేది. చుట్టుపక్కల రైతులు విసిగిపోయి ఒక్కొక్కరే తోటలు తవ్వించి రొయ్యల చెరువులకు లీజుకిచ్చేశారు. అరటాకు మీద ముల్లు పడ్డా, ముల్లు మీద అరటాకు పడ్డా చిరిగేది ఆకే అని ఊరికే అన్నారా?

ఆ తరవాత తెగులొచ్చింది. మట్టిలోంచి వస్తుంది, మందు లేదు. ముందు అడుగు ఆకులు పచ్చబడతాయి, కాడ దగ్గర విరిగి బోదె చుట్టూ వేలాడతాయి, బోదె నిలువునా చీలుతుంది. నరికి చూస్తే దుంపలో ఎర్రటి చారలు, కుళ్లు వాసన. చెట్టు పడిపోదు. నిలబడే చచ్చిపోతుంది. మధ్యాహ్నం పూట తోటలోకి వెళ్తే, వరసలు వరసలుగా ఎండాకుల చీరలు కట్టుకుని తలొంచుకుని నిలబడ్డ ఆడవాళ్లలా ఉండేవి. పిట్ట అరిచేది కాదు. గబ్బిలాలు కూడా రావడం మానేశాయి. ఆ శవాల మధ్యలో ఒక్కటే పచ్చగా, నిగనిగలాడుతూ ఉండేది. మెడలో దారంతో.

కృత్తివెన్ను వైపు నుంచి చెరువుల లీజుదారు ఒకాయన వారం వారం మా గట్టు మీద మోటారుసైకిలు ఆపి, "ఏవండీ, ఏమనుకున్నారు?" అని అడిగి వెళ్లేవాడు. ఒకసారి ఉప్పునీళ్లు పెట్టాక ఆ నేల మళ్లీ నేల కాదని మాకు తెలుసు. మా ఆయన, చూద్దాం లెండి, అని ఎండాకులు ఏరుకుంటూ తోటలోకి వెళ్లిపోయేవారు.

అప్పుడే పళ్ల కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వ్యవసాయం చదువుకున్న పిల్ల. తోటంతా తిరిగి, ఆ పచ్చటి చెట్టు దగ్గర ఆగిపోయింది. దుంప పక్కన చిన్న ముక్క కోసి చూసింది. తెల్లగా, వెన్నముద్దలా ఉంది.

"ఇదొక్కటే ఎట్లా తట్టుకుందోనండీ! దీన్ని మా ల్యాబుకి ఇవ్వండి. సీసాల్లో పెంచి దీన్నుంచే వేల మొక్కలు చేస్తాం. అన్నీ అచ్చం ఇదే. ఒక ఏడు వరి వేసి నీళ్లు నిలబెట్టండి, తరవాత మీ నేలంతా ఇవే నాటుకోవచ్చు. తట్టుకుంటాయని గ్యారంటీ ఇవ్వలేను, కానీ నాకు నమ్మకముంది," అంది. తరవాత దారం పట్టుకుని, "ఇదేంటండీ?" అని అడిగింది.

"గుర్తు కోసం," అన్నారు మా ఆయన ఠక్కున.

ఒక పిలక ఇస్తే చాలేమో అని అడిగితే, తెగులున్న నేలలో ఉంచితే ఇదీ ఎక్కువ కాలం నిలవదు, దుంపతో సహా తీసుకెళ్తే మంచిదంది. మా ఆయన ఇవ్వనన్నారు. నేను నిర్ఘాంతపోయాను. ఏనాడూ జాతకం చూపించుకోని మనిషి, గుడికి కూడా నేను లాగితే వచ్చే మనిషి, భూమి చేయిజారిపోతున్నా ఆ చెట్టును మాత్రం కదపనంటున్నారు.

"పెద్దభార్యని పుట్టింటికి పంపడానికి మనసొప్పట్లేదా?" అన్నాను ఆ పిల్ల వెళ్లాక. ఈసారి ఆ మాటలో హాస్యం లేదని ఇద్దరికీ తెలుసు.

"నీకు తెలీదు, ఊరుకో," అన్నారు.

నేను ఊరుకోలేదు. అన్నం మానేశాను, అలిగి పడుకున్నాను, పిల్లలకు ఫోన్లు చేసి చెప్పించాను. ఇక్కడే ఉంచితే ఇవాళ కాకపోతే రేపు దానికీ తెగులు తగులుతుంది, అప్పుడు అదీ ఉండదు, భూమీ ఉండదు అని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను. చివరికి తల ఊపారు.

తవ్వే రోజున ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆయనే గునపం పట్టారు. దుంపను తడి గోనెసంచిలో చుట్టి జీపులో పెట్టాక, నేను గోతిలోకి తొంగి చూశాను. దారం లేదు, ఆయన ముందే విప్పేసినట్టున్నారు. ఆయన నేరుగా రేవులోకి వెళ్లి మూడు మునకలేసి, తడిబట్టలతో ఇంటికొచ్చారు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఏమిటని అడిగితే, ఒంటికి మట్టయింది కదా అన్నారు. భార్య పోయిన మగవాడి స్నానం అది. నాకు ఏడుపొచ్చింది. దానికోసం ఇంత చేసే మనిషి నాకోసం ఎప్పుడేం చేశాడు అనిపించింది. అంత చిన్న మనసు నాది ఆ రోజున.

ఆ ఏడు వరి వేశాం. నీళ్లు నిలిచిన మా నేలలో ఆకాశం తప్ప ఏమీ కనపడేది కాదు. నాకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. సాయంత్రానికి కాళ్లు వాచేవి. వయసు అనుకున్నాను. పొద్దున్నే గట్టు వైపు తలుపు తీసినప్పుడు, ఎవరో అప్పుడే అక్కణ్నుంచి లేచి పక్కకు తప్పుకున్నట్టు అనిపించేది. అత్తగారి మాట గుర్తొచ్చేది. గట్టెక్కి మనింటికొస్తుంది. తల విదిలించి పనిలో పడేదాన్ని. ఆయనకు చెప్పలేదు. ఆయన మాత్రం అన్నం తినేటప్పుడు, టీవీ చూసేటప్పుడు నాకేసి దొంగచూపులు చూసేవారు. ఏమిటంటే ఏమీ లేదనేవారు.

గుడివాడ శివార్లలో ఆ కంపెనీ పళ్లు మాగబెట్టే కొత్త గదులు కట్టింది. రైతుల్ని చూడ్డానికి రమ్మంటే ఇద్దరం వెళ్లాం. పొగ లేదు, మట్టి మెత్తిన తలుపు లేదు. ఉక్కు తలుపులు, చలి, కొలత ప్రకారం వదిలే గ్యాసు. గాలి పాడైతే చెప్పడానికి లాంతరు బదులు గోడకొక మీటరు. లోపల ప్లాస్టిక్ పెట్టెలు కప్పు దాకా వరసలు. అన్నింట్లోనూ కాయలు ఒకే పొడవు, ఒకే వంపు, ఒకే రంగు. ఏ పెట్టె చూసినా ఇందాక చూసిన పెట్టే. చిన్నప్పటి అలవాటు, తలుపు మీద అరచెయ్యి పెట్టాను. మంచులా చల్లగా ఉంది. చెవి ఆనించాను. లోపలేదో సర్దుకుంటోంది. ఎవరో తలుపు దగ్గరికి వస్తున్నారు అనుకున్నాను. అంతవరకే గుర్తుంది.

గ్యాసు కాదు, గుండె అన్నారు డాక్టర్లు. ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదట, చాలా ఏళ్ల నుంచే పాడవుతూ వచ్చిందట, విజయవాడలో ఆపరేషన్ చేయాలన్నారు. ఆపరేషన్ గదికి తీసుకెళ్లడానికి నన్ను చక్రాల మంచం మీద వరండాలో ఉంచారు. చచ్చిపోతానని నాకు గట్టిగా అనిపించింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నారు.

"అమ్మా, మా మొక్క బతికే ఉందా? నిజం చెప్పు తల్లీ, బతికుందా?"

అవతల ఆ కంపెనీ పిల్ల గొంతు నాకూ సన్నగా వినపడింది. బతికే ఉందండీ, సీసాల్లో వేలల్లో ఉంది అంటోంది. ఆయన గోడకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చారు. నేనిక్కడ చావుబతుకుల మధ్య ఉంటే ఈయన చెట్టు క్షేమం కనుక్కుంటున్నాడు. నా కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. మొహం అటు తిప్పేసుకున్నాను. మంచం కదిలింది.

చావలేదు. ఇంటికొచ్చాను. ఆయనతో ముక్తసరిగా మాట్లాడుతూ వచ్చాను. వేళకు మందులిచ్చేవారు, కాళ్లు పట్టేవారు, చారు పెట్టేవారు. నా మనసు మాత్రం ఆ వరండాలోనే ఉండిపోయింది.

వరి కోత అయి నేల ఆరాక కంపెనీ లారీ వచ్చింది. ట్రేలలో జానెడు మొక్కలు. ఏ మొక్క చూసినా అదే ఆకు, అదే ఎత్తు. కూలీలు నాటేశాక, మర్నాడు పొద్దున్నే ఆయన, "నడవగలవా?" అని నా చెయ్యి పట్టుకుని తోటకు తీసుకెళ్లారు. కనుచూపు మేర వరసలు. గాలి లేదు. ఆయన జేబులోంచి తడి పసుపుదారం తీశారు.

అప్పటికి గానీ నాకు తెలియలేదు.

"ఇన్నేళ్లూ కట్టింది మీరా?"

"మరెవరనుకున్నావ్? అమ్మకి నువ్వు అట్లాగే లెండి అన్నప్పుడే నాకు తెలుసు, నువ్వు కట్టవని." ఆయన దారం వేలికి చుట్టుకున్నారు. "నాకు ఇవేం నమ్మకాలు లేవే. కానీ నమ్మకం లేదని నిన్ను పెట్టి పందెం కాయలేను కదా. అది తవ్విన రోజు నుంచీ నీ మొహం చూడాలంటే భయమేసేది. ఆసుపత్రిలో అది బతికుందంటేగానీ నువ్వు బతుకుతావని ధైర్యం రాలేదు."

అది పడుచుదని కడుపుమంట పడ్డాను. ఆ కత్తి ఏటా నా మెడ వైపు వస్తుంటే, ఈయన ముందే వెళ్లి దానికి దారం కట్టి వచ్చేవారు. నా చావులన్నీ అది చచ్చింది. తన మెడ అడ్డం పెట్టి ఏటా చచ్చింది. దాన్ని నేను ఒక్కనాడూ అక్కా అని పిలవలేదు.

ఆయన వరసల మధ్య నిలబడి దిక్కుతోచనట్టు చూస్తున్నారు.

"అన్నీ ఒకటేలా ఉన్నాయే. ఏది?"

నేను చూశాను. మూడో వరసలో, ఆ నిశ్చలమైన పొద్దులో, ఒక్క మొక్క మొవ్వు ఆకు ఇటూ అటూ మెల్లగా ఊగుతోంది. ఆయన ఎన్నేళ్లు దారం కట్టినా, దాన్ని చూసి ఇన్నేళ్లూ కుళ్లుకున్నది నేను. సవతిని సవతి పోల్చుకోలేదా?

"అదిగో," అన్నాను.

ఆయన కూర్చుని మూడు ముళ్లు వేశారు. నేను మోకాళ్ల మీద వంగి, నా నుదుటి బొట్టు వేలితో అద్ది, ఆ జానెడు మొక్కకు పెట్టాను. "అక్కా," అన్నాను. ఆకు కదలడం ఆగిపోయింది. ఆయన మాత్రం నన్ను లేవదీసి, ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.